తొట్టిలో నీలం మరక

"మేబ్రీ అమ్మగారూ, మళ్ళీ అక్కడే జారారు," అంది కియానా, పియానో మీంచి చేతులు తీసేసి.

పాట ఆగిపోయింది. చర్చి కింది హాల్లో మడత కుర్చీల మీద కూర్చున్న ముప్ఫైమందీ ఆడవాళ్ళ కింది స్థాయి గొంతుల వరస, ఆల్టోల వైపు తిరిగారు. శనివారం పొద్దుటి ప్రాక్టీసంటే అందరికీ ఇష్టమే. మధ్యలో ఆపి ఎవరో ఒకళ్ళని నిలదీస్తే ఇంకా ఇష్టం.

"ఎక్కడ తల్లీ?" అంది అర్డెల్లా మేబ్రీ.

"మొదటి పిలుపులో. గొంతు పైకెక్కి, అక్కడ ఒక్క క్షణం నిలబడి, మూడు మెట్లు దిగాలి. మీరు నాలుగు దిగుతున్నారు. రికార్డులో మూడే ఉన్నాయి."

"నాలుగున్నాయి. నాలుగోది గొంతుతో కాదు, ఊపిరితో దిగుతుంది. మంచి స్పీకరైతే వినిపిస్తుంది."

వెనక మగవాళ్ళ వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పక్క కుర్చీలోని ఎర్నెస్టీన్ మోచేత్తో పొడిచింది. "చదువుకున్న పిల్లతో నీకెందుకే వాదన? మూడంటే మూడు. నేను ఇంటికెళ్ళి ఆకుకూర కడుక్కోవాలి."

కియానా చెడ్డపిల్ల కాదు. ముప్ఫై రెండేళ్ళది. వాళ్ళింట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి. సంగీతంలో పట్టా తెచ్చుకుని, జీతం తక్కువైనా చర్చి క్వయరుని ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. పెద్దవాళ్ళంటే గౌరవం ఉన్న పిల్ల గనకే గొంతు తగ్గించి చెప్పింది. "అమ్మగారూ, ఆ పాట మీద నేను ఏడాదిపాటు పనిచేశాను. స్వరం స్వరం కాగితం మీద రాశాను. మీరు కాస్త మెల్లిగా పాడండి, అంతే. పక్కవాళ్ళ గొంతుల్లో కలిసిపోవాలి. ఆల్టో అందమే అది."

"అలాగే తల్లీ," అంది అర్డెల్లా.

రికార్డులో ఉన్న ఆ గొంతు అర్డెల్లాదే. కియానా కాగితం మీద రాసుకున్న మూడు మెట్లూ, రాసుకోని నాలుగో మెట్టూ, నలభై ఏళ్ళ కిందట ఒక ఇరుకు గదిలో, కిటికీకి పరుపు అడ్డం పెట్టి, ముప్ఫై ఏళ్ళ అర్డెల్లా ఒక్కసారి పాడినవి. ఒక్కసారే. రెండోసారి పాడే అవసరం రాలేదు. ఈ సంగతి ఆ హాల్లో ఇంకొక్క మనిషికే తెలుసు. తలుపు దగ్గర కారు తాళాలు ఆడిస్తూ నిలబడ్డ జనీన్‌కి. జనీన్ అర్డెల్లా తమ్ముడు రాస్కో కూతురు. నలభై నాలుగేళ్ళది. ఓర్పు తక్కువ.

కారెక్కీ ఎక్కకముందే మొదలుపెట్టింది.

"నోరెందుకు మూసుకున్నావత్తా? నీ పాట నీకే నేర్పుతుంటే!"

"ఏమని చెప్పనే? నేనే పాడానంటే నమ్ముతారా? ఎనభై తొమ్మిదిలో ఒకసారి చెప్పాను, మా స్కూలు వంటింట్లో. గిన్నెలు కడిగే ఆవిడ ఏమందో తెలుసా? 'అవునా, అయితే నేను మోషేని, సముద్రం చీల్చింది నేనే' అంది. ఆ ఏడాదంతా నన్ను చూసినప్పుడల్లా చేతులు ఎత్తి నీళ్ళు చీల్చేది."

జనీన్‌కి నవ్వు రాలేదు. "వచ్చే శనివారం పాత ఐసు గోదాము వీధి మూల మీద పలక ఎక్కిస్తున్నారు. ఊదారంగు పలక. 'లూషియస్ పెటిగ్రూ వీధి' అని. దాని కింద నిలబడి మీరంతా పాట పాడాలి. నీ పాట! లూషియస్ పేరు కింద!"

"తెలుసే."

"తెలిస్తే బాధ లేదా?"

అర్డెల్లా కిటికీలోంచి చూసింది. కాటేజ్ గ్రోవ్ రోడ్డు మీద ఎండ, బార్బర్ షాపుల ముందు కుర్చీలు వేసుక్కూర్చున్న మగవాళ్ళు, వేపుడు చేపల వాసన. బాధ లేకేం. ఉంది. అది మోకాలి నొప్పిలాంటిది. కూర్చున్నంతసేపూ ఊరుకుంటుంది, లేవబోతే పట్టుకుంటుంది.

"ఎల్లుండి సోమవారం ఖాళీగా ఉన్నావా నువ్వు?" అంది ఉన్నట్టుండి.

"ఎందుకు?"

"వార్డు ఆఫీసుకి వెళ్దాం. అడిగి చూద్దాం. డెబ్భై ఏళ్ళొచ్చాయి. ఒక్కసారి అడిగి చూస్తే పోయేదేముంది? ఆ పలక కింద నా పేరుతో కూడా ఒక చిన్న పలక పెట్టమందాం. పెద్దది అక్కర్లేదు."

జనీన్ కారు పక్కకి ఆపేసింది. నలభై ఏళ్ళలో అత్త నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

*

ఆ పాట పేరు 'గుమ్మంలో ఉన్నా'. ఆ పేరు ఇప్పుడెవరికీ తెలియదు. ఊరంతటికీ అది 'లూషియస్ రికార్డు'.

ఎనభై నాలుగులో రాస్కో ఒక డ్రమ్ము మిషను కొన్నాడు. దాని మీద దడదడా దరువు వేసి, "అక్కా, దీని మీద ఏమైనా పాడు" అన్నాడు. అర్డెల్లాకి వెంటనే తోచింది వాళ్ళ నాయనమ్మ మూలుగు. మిసిసిపీలో పుట్టిన ఆ ముసలావిడ, చర్చిలో ప్రార్థనకి ముందు మాటల్లేకుండా ఒక పిలుపు పిలిచేది. పైకెక్కి, నిలబడి, మెట్లు దిగేది. నాలుగోది ఊపిరితో. అర్డెల్లా ఆ పిలుపు ఎత్తుకుని, కింద నాలుగు మాటలు కట్టి పాడింది. వాళ్ళమ్మ విని వారం రోజులు మాట్లాడలేదు. "దేవుడికి ఇచ్చింది తీసుకెళ్ళి డ్యాన్సు హాలుకి పెట్టావు" అంది. వంద రికార్డులు అచ్చు వేయించారు. మధ్యలో గుండ్రటి నీలం కాగితం. దాని మీద తెల్లటి అక్షరాలు: పాట, మాటలు, గొంతు, అన్నీ అర్డెల్లా మేబ్రీ.

అప్పటికి పాత ఐసు గోదాములో శనివారాలు జనం డ్యాన్సు చెయ్యడానికి రికార్డులు వేసేవాడు లూషియస్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ టోపీ. అర్డెల్లాకి చిన్నప్పటి స్నేహితుడు. 'గుమ్మంలో ఉన్నా' వేసిన మొదటి రోజు జనం ఆ పిలుపుకి ఆగిపోయారు, తర్వాత దరువుకి పైకి లేచారు, గోడలు చెమర్చాయి. పాట అయ్యాక మళ్ళీ వెయ్యమని కాళ్ళతో నేల తన్నారు. ఏడుసార్లు వేశాడు.

ఆ రోజుల్లో రికార్డులు వేసేవాళ్ళకి ఒక అలవాటు ఉండేది. దొరికిన మంచి పాట పక్కవాడికి దొరక్కూడదు. పక్క హాలు వాడు మనిషిని పంపేవాడు, వాడు మెల్లిగా బల్ల దగ్గరకొచ్చి తిరుగుతున్న రికార్డు మీద పేరు చదివి, పొద్దున్నే దుకాణానికి పరిగెత్తేవాడు. అందుకని అందరూ మధ్య కాగితం నానబెట్టి ఊడదీసేవారు. నల్లగా, పేరు లేకుండా తిరిగే రికార్డు ఉన్నవాడే మొనగాడు.

"డెల్లా, నీ పాటని ఊళ్ళో ఎవ్వరికీ దొరక్కుండా చేద్దామే. నా దగ్గరే ఉండాలి. దొరకనిదానికే కదా ఆకలి. ఒక్క వేసవి ఆగు, తర్వాత నీ పేరుతో వెయ్యి వేయిద్దాం," అన్నాడు లూషియస్.

ఆమెకి గర్వం వేసింది. ఊళ్ళో అందరూ వెతుకుతున్న పాట, ఎవరికీ అంతుపట్టని గొంతు, తనది. నానబెట్టడానికి తన ఇంటి స్నానపు తొట్టే ఇచ్చింది. రెండు శనివారాల మధ్యాహ్నాలు, తొట్టి నిండా గోరువెచ్చని నీళ్ళు పోసి, వంద రికార్డులు పదేసి చొప్పున ముంచి, అంచుల మీద చెరో పక్క కూర్చుని, గోళ్ళతో, వెన్న కత్తితో కాగితాలు గీకారు. రాస్కో పాడుతూ తుండుగుడ్డతో తుడిచాడు. నాలుగేళ్ళ జనీన్ ఊడొచ్చిన నీలం ముద్దలు బకెట్లో వేసి, నీలం చేతులతో గోడ మీద ముద్రలు వేసి తన్నులు తింది. మగవాళ్ళిద్దరి కంటే అర్డెల్లాయే ఎక్కువ గీకింది. ఆమె పని ఎప్పుడూ శుభ్రమే.

గోడ మీద ముద్రలు పోయాయి. తొట్టిలో మాత్రం నీళ్ళు నిలిచిన ఎత్తులో చుట్టూ ఒక నీలం గీత మిగిలిపోయింది. సోడా, వెనిగరు, ఉప్పురాయి, ఏం వేసి రుద్దినా పోలేదు.

ఒక్క వేసవి ఆగమన్నాడు. ఆ వేసవిలోనే వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చింది. అర్డెల్లా హాళ్ళు మానేసింది. పగలు స్కూలు వంట, మిగతా పొద్దంతా అమ్మ మంచం. అమ్మ పోయేవేళ అడిగిందని క్వయరులో చేరింది. రికార్డులు వందా లూషియస్ దగ్గరే ఉన్నాయి. ఎవరో హాల్లో టేపు ఎక్కించుకున్నారు, టేపు నుంచి టేపు, ఊరు నుంచి ఊరు, సముద్రం దాటి. అక్కడ ఎవరెవరో ఆ పిలుపు ఒక్కటీ కోసి తమ పాటల్లో అతికించుకున్నారు. గొంతు ఎవరిదంటే ఎవరికీ తెలియదు. అందరికీ తెలిసింది మొదట వేసింది లూషియస్ అని. రాస్కో తొంభై ఆరులో గుండె ఆగి పోయాడు. ఇక చెప్పడానికి ఎవరున్నారు?

*

వార్డు ఆఫీసులో క్లర్కు యాభై అయిదేళ్ళ మనిషి, బొద్దుగా, నవ్వుముఖం. పేరు క్వార్ల్స్. పాట సంగతి ఎత్తగానే కుర్చీలోంచి లేచాడు.

"లూషియస్ రికార్డా! అమ్మా, నా పెళ్ళానికి నేను కనపడింది ఆ పాటలోనే. ఆ పిలుపు రాగానే ఎదురుగా వచ్చి నిలబడింది. అప్పట్లో నా నడుము ఇంతే ఉండేది," అని చేతులతో చూపించాడు. "ఇప్పుడు ఆవిడ ఆ పాటనే తిడుతుందనుకోండి."

"ఆ గొంతు ఈవిడదే," అంది జనీన్.

క్వార్ల్స్ నవ్వు ఆగలేదు గానీ కాస్త పక్కకి జరిగింది. "గత నెలలో ఇద్దరొచ్చారమ్మా. ఒకావిడ పక్క ఊరు గ్యారీ నుంచి బస్సెక్కి వచ్చింది. ఇంకొకావిడ అప్పటికి పుట్టనే లేదు. అందరూ నేనే అంటారు. నేనేం చెయ్యను? ఏదైనా చూపించండి. రికార్డు మీద పేరు?"

"నానబెట్టి తీసేశాం."

"ఎవరు తీశారు?"

"నేనే," అంది అర్డెల్లా.

క్వార్ల్స్ ఆమె ముఖంలోకి చూశాడు. అది అబద్ధమాడే మనిషి చెప్పే మాట కాదని అతనికి తోచినట్టుంది. గొంతు మారింది.

"నేను చూశాను," అంది జనీన్. "మా తొట్టిలో మరక ఇప్పటికీ ఉంది."

"మీకెన్నేళ్ళు అప్పుడు?"

"నాలుగు."

అతను నిట్టూర్చాడు. "నాలుగేళ్ళ పిల్ల సాక్ష్యం, తొట్టిలో మరక. వార్డు మీటింగులో నేనిది చదివితే నన్ను ఆ తొట్టిలోనే ముంచుతారు. అమ్మా, ఒక పని చెయ్యండి. లూషియస్ గారి చేత ఒక్క మాట చెప్పించండి. కాగితం మీద సంతకం పెట్టినా సరే, శనివారం వార్డు సభ్యుడి ముందు మైకులో అన్నా సరే. అంటే చాలు, రెండో పలక నేను దగ్గరుండి రాయిస్తాను. ఒట్టు."

బయటికొచ్చి మెట్లు దిగుతూ, రెండో మెట్టు మీద అర్డెల్లా ఆగిపోయింది.

"జిగ్మంట్," అంది.

"ఎవరత్తా?"

"రికార్డుకి అచ్చు కోసిన పోలిష్ ముసలాయన. గాడి అయిపోయాక, మధ్య కాగితం మొదలయ్యే లోపల, ఒక నున్నటి పట్టీ ఉంటుంది చూడు. అక్కడ ఏదో ఒక నంబరు సూదితో గీకేవాడు. నన్నడిగాడు, 'అమ్మాయ్, ఇక్కడ ఏం రాయమంటావు, ఒక్క మాటకి చోటుంది' అని. నా పేరు రాయమన్నాను. అర్డెల్లా అని. ఆయన గీకింది అచ్చులోకి దిగింది. వంద రికార్డుల మీదా ఉంటుంది." ఆమె జనీన్ చెయ్యి పట్టుకుంది. "నీళ్ళకి కాగితం ఊడుతుంది గానీ అది ఎలా పోతుందే?"

*

మంగళవారం మధ్యాహ్నం ఒక్కతే వెళ్ళింది. జనీన్ వస్తే మాట పెరుగుతుందని.

లూషియస్ ఇల్లు చాతం పేటలో, ఎర్ర ఇటుకల ఇల్లు. భార్య పోయి మూడేళ్ళు. తలుపు తీసి, టోపీ సర్దుకుని, పెద్దగా నవ్వాడు.

"డెల్లా! ఏమే, ఎవరూ చచ్చిపోకుండా నువ్వు నా గుమ్మంలోకి రావడం ఎప్పుడైనా ఉందా?"

"నువ్వు చచ్చిపోయావేమో చూద్దామని వచ్చాను. పలకలు బతికున్నవాళ్ళకి పెట్టరు కదా."

"నాకు పెడుతున్నారు. కుళ్ళుకో," అని ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

నేలమాళిగ నిండా రికార్డులు. గోడల మీద టోక్యో, లండన్, బెర్లిన్ పోస్టర్లు, అన్నిటిలో టోపీ. నిమ్మరసం తెచ్చిచ్చాడు. మోకాళ్ళ గురించి, బీపీ మాత్రల గురించి, ఎర్నెస్టీన్ మూడో మొగుడి గురించి చెప్పుకున్నారు. నవ్వుకున్నారు. అర్డెల్లాకి ఒక్క క్షణం అనిపించింది, ఇంత తేలికైన దానికా నలభై ఏళ్ళు ఆగాను అని.

"లూషియస్, మన రికార్డు ఒకటి తియ్యి. చూడాలి."

"దేనికి?"

"చూడాలనుంది."

అతను కాసేపు గ్లాసు తిప్పాడు. తర్వాత లేచి, కింది అరలోంచి ప్లాస్టిక్ కవరులో ఉన్నది తీసిచ్చాడు. అర్డెల్లా చదివే కళ్ళద్దాలు పెట్టుకుంది. కిటికీ నేలకి సమంగా, చిన్నది. ఆ వెలుతురుకి రికార్డు ఏటవాలుగా పట్టి, నున్నటి పట్టీ చుట్టూ మెల్లిగా తిప్పింది.

నంబరు ఉంది. నంబరు పక్కన, ఒక మాట పట్టేంత పొడుగున, సన్నటి గీతలు. అడ్డంగా, నిలువుగా, మళ్ళీ అడ్డంగా. ఆకురాయితో రుద్దినవి.

"ఇంకోటి తియ్యి."

"డెల్లా..."

"తియ్యరా."

ఇంకోటి తీశాడు. అదే చోట, అవే గీతలు. మూడోది ఆమె అడగలేదు.

"వాళ్ళు భూతద్దం పెట్టి చూసేవాళ్ళే," అన్నాడు లూషియస్. "నీకు తెలుసుగా పక్క హాలు వాళ్ళ సంగతి. కాగితం తీస్తే అక్కడ వెతికేవాళ్ళు. మనం చేసిందే ఇది కూడా."

"మనం చేసింది తొట్టిలో. అది నేనూ చేశాను. నా వేళ్ళతో నా కన్నే పొడుచుకున్నాను, ఎవర్నీ అనను. ఇది ఎప్పుడు చేశావు?"

లూషియస్ నిమ్మరసం గ్లాసు మళ్ళీ అందుకున్నాడు.

"ఎప్పుడు రుద్దావు లూషియస్?"

"ఎనభై ఎనిమిదిలో." గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. "మొదటిసారి లండన్ వెళ్ళే ముందు."

అర్డెల్లా స్కూలు వంటింట్లో ముప్ఫై ఏళ్ళు నాలుగు వందల పిల్లలకి లెక్క తప్పకుండా వడ్డించిన మనిషి. లెక్క చెయ్యడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు. ఎనభై ఎనిమిదికి ఐసు గోదాము మూసేసి ఏడాదిన్నర. పక్క హాలు వాళ్ళూ లేరు. పాట అప్పటికే టేపుల్లో ఊరూరా తిరుగుతోంది. దాచడానికి ఏమీ మిగల్లేదు, ఒక్క పేరు తప్ప.

"అప్పుడెవరికి దొరక్కుండా రుద్దావురా?"

లూషియస్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. జుట్టు లేదు. అలా చూస్తే ఎవరో ముసలాయన.

"నువ్వు వదిలేశావే," అన్నాడు. "చర్చికి వెళ్ళిపోయావు. ఆ పాట బతకాలంటే ఎవడో ఒకడు చంకలో పెట్టుకుని తిరగాలి. నేను తిరిగాను. అక్కడ మొదటి వాడు అడిగాడు, 'ఇది నీదేనా' అని. అవునన్నాను. ఒకసారి అవునంటే తర్వాత కాదనడానికి చోటు దొరకదు డెల్లా. ప్రతి ఏడూ ఇంకా ఇరుకవుతుంది."

"నేను వదల్లేదు. మా అమ్మ మంచం పట్టింది. నువ్వొచ్చి చూశావు. సూపు తెచ్చావు."

"తెచ్చాను."

పైన వీధిలో ఐస్‌క్రీము బండి గంట కొట్టుకుంటూ పోయింది.

"శనివారం మైకులో చెప్పు," అంది అర్డెల్లా. "రుద్దిన సంగతి చెప్పక్కర్లేదు. తొట్టి సంగతి కూడా వద్దు. గొంతు అర్డెల్లా మేబ్రీది అని చెప్పు చాలు. నీ పలక నీకే ఉంటుంది. నేనేం లాక్కోను."

లూషియస్ కళ్ళు తుడుచుకున్నాడు. "చెప్తాను. మా అమ్మ మీద ఒట్టు."

ఆమె నమ్మింది. వాళ్ళమ్మని ఆమెకి తెలుసు. ఆవిడ మీద ఒట్టు వేసి తప్పే మనిషి కాదు, ఏడేళ్ళప్పటి లూషియస్.

*

శనివారం పన్నెండు గంటలకి ఎండ మండిపోతోంది. ఐసు గోదాము ఉన్నచోట ఇప్పుడు అద్దాల మేడ. మూల మీద స్తంభానికి గుడ్డ కప్పిన పలక. రోడ్డు అడ్డంగా మూసి, కుర్చీలు వేశారు. జనం మూడు వందల పైనే. ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు. తెల్ల బూట్లు, పాత హాలు పేరున్న చొక్కాలు, చేతుల్లో చర్చి విసనకర్రలు. ఎదురు పేవ్‌మెంటు మీద ఎవరో హాట్ లింకులు, కారం మాంసపు సాసేజీలు, కాలుస్తున్నారు.

క్వయరు రెండు వరసల్లో నిలబడింది, ముదురు ఎరుపు గౌన్లు వేసుకుని. అర్డెల్లా రెండో వరసలో, ఎర్నెస్టీన్ పక్కన. ముందు వరసలో జనీన్ కూర్చుంది. క్వార్ల్స్ జనంలోంచి అర్డెల్లాకి చెయ్యి ఊపి, జేబులోంచి కలం తీసి చూపించాడు. రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నానని.

వార్డు సభ్యుడు మాట్లాడాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. గుడ్డ లాగారు. ఊదారంగు పలక మీద తెల్లటి అక్షరాలు. జనం ఈలలు వేశారు. లూషియస్ మైకు దగ్గరకొచ్చాడు. లేతరంగు సూటు, కొత్త టోపీ.

బాగా మాట్లాడాడు. గోదాము గురించి, చెమర్చిన గోడల గురించి, పోయినవాళ్ళ గురించి. రాస్కో పేరు చెప్పాడు. "డ్రమ్ము మిషను తెచ్చినవాడు, నా తమ్ముడిలాంటివాడు," అన్నాడు. జనీన్ కుర్చీ అంచుకి జరిగింది.

"నలభై ఏళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా నన్ను ఒకటే అడుగుతారు. 'లూషియస్, ఆ గొంతు ఎవరిది?'"

జనం నవ్వారు. "చెప్పు, చెప్పు!" అని అరిచారు. "ఇవాళైనా చెప్పు నాయనా!"

లూషియస్ తల తిప్పి క్వయరు వైపు చూశాడు. రెండో వరసలోకి. సూటిగా అర్డెల్లా కళ్ళలోకి. నోరు తెరిచాడు. పెదవులు 'అ' దగ్గర విచ్చుకోవడం ఆమె చూసింది. తర్వాత జీవితమంతా ఒట్టేసి చెప్పగలదు, చూసింది.

విసనకర్రలు ఆగాయి. ఒక ఫోటో మెరిసింది.

"ఆ గొంతు," అన్నాడు లూషియస్, "నాకు దేవుడిచ్చాడు."

"ఆమెన్!" అన్నారు జనం. "హల్లెలూయ!" అని పాస్టరుగారు చెయ్యెత్తారు. ఎర్నెస్టీన్ "అవును ప్రభువా" అని కళ్ళు ఒత్తుకుంది. చప్పట్లు మేడ అద్దాలకి తగిలి తిరిగొచ్చాయి. జనీన్ లేచి నిలబడింది. అర్డెల్లా తల అడ్డంగా ఊపింది. వద్దని. జనం మధ్య దేవుడి పేరు పలికి ఆమెన్ అన్నాక, ఒంటి మీద చర్చి గౌనుతో, కాదు అని ఎలా అరుస్తుంది?

దూరంగా క్వార్ల్స్ కలం జేబులో పెట్టుకుంటూ కనిపించాడు.

కియానా చెయ్యెత్తింది. స్పీకర్లలోంచి దరువు మొదలైంది, రాస్కో దరువు. దాని మీద ముప్ఫై ఏళ్ళ అర్డెల్లా పిలుపు. పైకెక్కింది, నిలబడింది. ముప్ఫైమందీ దానితో కలిసి గొంతెత్తారు. 'నువ్వు' అన్నచోటల్లా 'ప్రభువా' అని మార్చిన మాటలతో. జనం కుర్చీలు వెనక్కి తన్ని లేచారు. మోకాళ్ళు అరిగినవాళ్ళు కూడా ఎగిరారు.

అర్డెల్లా పాడలేదు. పెదవులు కదిపింది గానీ గొంతు లోపలే ఉంచుకుంది. పాట పొడుగునా అంతే. మెట్లు దిగేచోట మాత్రం చెవి పెట్టింది. మంచి స్పీకర్లు. నాలుగోది వినిపించింది. ఇంకెవరైనా విన్నారో లేదో.

పాటయ్యాక కియానా పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది.

"అమ్మగారూ! చూశారా! ఇవాళ మీ గొంతు ఎంత బాగా కలిసిపోయిందో! అసలు వేరేగా వినపడనే లేదు. ఇదే నేను చెప్పింది!"

"నువ్వు చెప్పినట్టే చేశాను తల్లీ," అంది అర్డెల్లా.

లూషియస్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చెమటతో మెడ తడిసిపోయింది. "డెల్లా, నోటిదాకా వచ్చిందే. వాళ్ళలా చూస్తుంటే... నోటిదాకా వచ్చింది."

"చూశాను," అంది. "టోపీ వంకరగా ఉంది, సర్దుకో. ఫోటోలు తీస్తున్నారు."

గౌను విప్పి, మడతపెట్టి, ఎర్నెస్టీన్ చేతిలో పెట్టింది. "బట్టలు ఉతికే వంతు నీదే కదా. ఇది కూడా తీసుకెళ్ళు. ఇక నాకు అక్కర్లేదు."

*

సోమవారం పొద్దున అర్డెల్లా ఇంటికి ఇద్దరు పనివాళ్ళు వచ్చారు. మోకాళ్ళు వంగని ముసలివాళ్ళకి తొట్టి తీసేసి, నడిచి వెళ్ళే స్నానపు గది కట్టే పని. జనీన్ రెండు నెలల కిందటే మాట్లాడిపెట్టింది. ఇప్పుడు ఆవిడే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆపేద్దాం అత్తా. మిగిలింది అదొక్కటే. ఫోటోలు తీద్దాం, పేపరు వాళ్ళని పిలుద్దాం."

"పిలిచి ఏం చూపిస్తావే? ముసలిదాని తొట్టిలో మరకా? గ్యారీ నుంచి వచ్చినావిడకి కూడా ఇంట్లో ఏదో ఒక మరక ఉండే ఉంటుంది. జరుగు. వాళ్ళని పని చేసుకోనీ."

ఇనుప తొట్టి, గుమ్మంలోంచి బయటికి పట్టదు. ముక్కలు చేసి మొయ్యాలి. పెద్దవాడు, గడ్డం నెరిసినవాడు, కళ్ళకి అద్దాలు తగిలించుకుని సుత్తి ఎత్తబోయి, వంగి చూశాడు.

"అమ్మా, ఈ నీలం ఏంటి చుట్టూరా? పెంకు అడుక్కంటా దిగిపోయింది. తొట్టిని ఇంత తెల్లగా తోముకున్నవాళ్ళు దీన్ని వదిలేశారే?"

"వదల్లేదు నాయనా. నలభై ఏళ్ళు రుద్దాను."

"ఎవరు పోశారు?"

"నేనే పోశాను. కొట్టు," అంది అర్డెల్లా, వంటింట్లోకి వెళ్ళి వాళ్ళకి కాఫీ పెట్టడానికి పొయ్యి వెలిగించింది.